కాకిబంగారం చీల్చిన చేతులు

మా అమ్మ దగ్గర ఒక చిన్న కత్తి ఉంది. జానెడు కూడా ఉండదు. పిడికి పాత చీరపేలిక చుట్టి ఉంటుంది. అరిగి అరిగి అలుగు చిటికెనవేలంత సన్నబడిపోయింది. ఇంట్లో దానితో ఎవరూ ఏమీ కొయ్యరు. అయినా అద్దె ఇల్లు మారినప్పుడల్లా అది బియ్యం డబ్బాతోపాటు మాతో వచ్చింది. చిన్నప్పుడొకసారి నేను దానితో పెన్సిలు చెక్కుకుంటుంటే అమ్మమ్మ చేతిలోంచి లాక్కుంది. "అది అన్నం పెట్టిన కత్తి మే. దాంతో ఆటలాడబాక" అంది.

ఆ కత్తి మొదట అమ్మమ్మది, తర్వాత అమ్మది. ఇద్దరూ గూడూరు మైకా ఫ్యాక్టరీల్లో రేకులు తీశారు. అమ్మమ్మ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, పదకొండేళ్ళ పిల్లగా పనికి కుదిరింది. అమ్మ 1990ల మొదట్లో ఆ పని పూర్తిగా పోయేదాకా చేసింది. ఇద్దరివీ కలిపి దాదాపు యాభై ఏళ్ళ చాకిరీ. దానికి రుజువుగా మా ఇంట్లో ఒక్క కాగితం ముక్క లేదు.

కొన్నేళ్ళ కిందట అమ్మకు దగ్గు పట్టుకుని ఎంతకీ వదలకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. చీటీ రాసే అమ్మాయి "ఏం పని చేసేవాళ్ళమ్మా?" అని అడిగింది. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏం పన్లేదమ్మా, ఇంటికాడే" అంది. ఆ అమ్మాయి 'గృహిణి' అని రాసుకుంది. పక్కనే ఉన్న నేను నోరు తెరవలేదు. తెరవాలని తోచలేదు. ఇంటికొచ్చాక ఆ కత్తి కంటబడినప్పుడు సిగ్గేసింది. ఈ వ్యాసం అప్పుడు మొదలయింది.

గూడూరు చితికిపోయిన ఊరని మా వైపు అందరూ అంటారు. ఆ కథ చెప్పే తీరు కూడా ఒకటే. గనుల యజమానుల వైభవం, మద్రాసు నుంచి కార్లలో దిగే కొనుగోలుదార్లు, మేడలు, ఆ తర్వాత ధరలు పడిపోవడం, మేడలు చేతులు మారడం. ఆ కథ అబద్ధం కాదు. కాని అందులో మా అమ్మ లేదు, మా అమ్మమ్మ లేదు. పొద్దున్నే సద్దిగిన్నె పట్టుకుని నడిచిపోయిన ఆడవాళ్ళెవరూ లేరు. వాళ్ళ వైపు నుంచి చూస్తే ఈ ఊరి చరిత్ర ఎలా ఉంటుందో చూద్దాం.

రైలెక్కేవాళ్ళకు గూడూరంటే తిరుపతి బండ్లు దారి మళ్ళే జంక్షన్. వ్యాపారస్తులకు నిమ్మకాయల మార్కెట్టు. ఊరికి తూర్పున కోట, వాకాడు దాటితే సముద్రం. పడమరగా వెలిగొండల వైపు వెళ్తే సైదాపురం, కలిచేడు, రాపూరు. వానాకాలం ఆ దారిలో నడిస్తే మట్టి తళతళలాడుతుంది. పిల్లలు దాన్ని కాకిబంగారం అంటారు. పుస్తకాల్లో అభ్రకం. మాకు మాత్రం మైకా. గూడూరు నుంచి రాపూరు, ఆత్మకూరు మీదుగా కావలి వరకు సుమారు వంద కిలోమీటర్ల పొడవున ఈ రాయి ఉన్న నేల కొడవలి వంపులా సాగుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు గూడూరును తిరుపతి జిల్లాలో కలిపారు. సైదాపురం, రాపూరు నెల్లూరులోనే ఉండిపోయాయి. గనులు ఒక జిల్లాకు, ఫ్యాక్టరీల ఊరు ఇంకో జిల్లాకు పోయాయి.

ఇక్కడ అభ్రకం తవ్వకం పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో మొదలయింది. 1899 నాటికి మద్రాసు నుంచి బెజవాడకు రైలుదారి కలిసింది. గనుల దగ్గరి నుంచి బండ్ల మీద వచ్చిన సరుకు గూడూరులో రైలెక్కి మద్రాసు రేవుకు, అక్కడి నుంచి ఓడలో లండన్‌కు పోయేది. 1902లో భూగర్భ శాఖ తరఫున హాలండ్ దొర మన దేశపు అభ్రకం మీద ఒక గ్రంథమే రాశాడు. బీహారులోని కోడెర్మా ప్రాంతపు అభ్రకం ఎర్రటి ఛాయ, మన నెల్లూరుది ఆకుపచ్చ ఛాయ. ఇనికుర్తి గనిలో మనిషి ఎత్తును మించిన అభ్రకపు దిమ్మలు బయటపడ్డాయి. కలిచేడు దగ్గరి షా గని పేరు భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళందరికీ తెలుసు.

అసలీ రాయికి అంత గిరాకీ ఎందుకు? అభ్రకం మంటకు కాలదు, విద్యుత్తును తన గుండా పోనివ్వదు, పొరలు పొరలుగా ఎంత పలచగానైనా విడిపోతుంది. మొదట్లో దీపపు చిమ్నీలకు, పొయ్యి కిటికీలకు వాడేవాళ్ళు. కరెంటు వచ్చాక మోటార్లకు, ఇస్త్రీపెట్టెలకు, రేడియోలకు, విమానాల ఇంజన్లలో స్పార్కు ప్లగ్గులకు కావలసి వచ్చింది. 1942లో బ్రిటన్, అమెరికా కలిసి మన దేశం నుంచి అభ్రకం కొనడానికి కలకత్తాలో ఒక ఉమ్మడి మిషన్‌నే పెట్టాయి. యుద్ధానికి అంత అవసరమైన సరుకు అది. మా అమ్మమ్మ పనికి కుదిరింది ఆ రోజుల్లోనే. తాను తీసిన రేకు యాడికి పోతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. "దొరలు తినేదానికి కొంటారేమో అనుకునేవోళ్ళం" అని నవ్వేది.

పదకొండేళ్ళ పిల్లను పనిలో పెట్టుకోవడం అప్పటికే నేరం. 1938 నాటి బాలల ఉపాధి చట్టానికి మరుసటి ఏడు చేసిన సవరణ, పన్నెండేళ్ళ లోపు పిల్లలతో కొన్ని పనులు చేయించకూడదని చెప్పింది. బీడీలు చుట్టడం, అగ్గిపెట్టెలు చెయ్యడం, తివాచీలు నెయ్యడం లాంటి వాటితో పాటు అభ్రకం కొయ్యడం, చీల్చడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 1986లో బాలకార్మిక నిషేధ చట్టం వచ్చినప్పుడు మళ్ళీ అదే మాట అందులో చేరింది. దాదాపు యాభై ఏళ్ళ తేడాతో వచ్చిన రెండు చట్టాలు ఒకే పనిని పేరుపెట్టి నిషేధించాయంటే, మధ్యలో ఆ పని ఎవరు చేశారో వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు పని సంగతి. గనిలో దిగి తవ్వేది మగవాళ్ళు. భూగర్భ గనుల్లోకి ఆడవాళ్ళు దిగకూడదని 1929లో నిబంధనలు వచ్చాయి. 1952 నాటి గనుల చట్టం ఆ నిషేధాన్ని కొనసాగించింది. 2019లో గాని అది సడలలేదు. కాబట్టి ఆడవాళ్ళకు మిగిలింది గని పైన మట్టి మొయ్యడం, పారబోసిన దిబ్బల్లో ముక్కలు ఏరడం, లేదా ఊళ్ళో ఫ్యాక్టరీ పని. ఫ్యాక్టరీ అంటే యంత్రాలు ఊహించుకోకండి. పెద్ద రేకుల షెడ్డు, నేల మీద గోనెపట్టాలు, వరసగా కూర్చున్న ఆడవాళ్ళు, ఎవరి ముందు వాళ్ళ కుప్ప. అభ్రకాన్ని పొరలు తీసే ఆ పనికి మనిషి చేతి కంటే నమ్మకమైన యంత్రం దొరకలేదు. అందుకే అది మన ఊళ్ళదాకా వచ్చింది.

గనిలోంచి వచ్చిన దిమ్మను వ్యాపార భాషలో 'బుక్కు' అంటారు, పుస్తకంలా పొరలుంటాయి గనక. దానికి అంటిన రాయిని సుత్తితో వదిలించాలి. కత్తి మొనతో విప్పి పగుళ్ళున్న అంచులు తీసెయ్యాలి. బీహారులో ఈ అంచులు కొడవలితో కోసేవాళ్ళు, మన వైపు పెద్ద కత్తెరలు వాడేవాళ్ళు. ఆ తర్వాత సైజుకు తగ్గట్టు నంబర్లు. ఆరో నంబరంటే చదరపు అంగుళం నుంచి మొదలు. ఒకటో నంబరు కావాలంటే కనీసం 24 చదరపు అంగుళాలు ఉండాలి. మళ్ళీ అందులో మరకల్లేనిది, కొద్దిగా మరకలున్నది, బాగా మరకలున్నది, నల్లచుక్కలది అని రకాలు. చివరిగా, అన్నిటికంటే ఎక్కువ చేతులు కావలసిన పని, రేకులు తియ్యడం. కొనేవాళ్ళు అడిగే మందం అంగుళంలో వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. తలవెంట్రుకలో సగం మందమనుకోండి. దాన్ని చిరక్కుండా, ఎక్కడా రెండు పొరలు కలిసిపోకుండా, రోజుకు వేల రేకులు తియ్యాలి.

"అంత సన్నంగా తీశావో లేదో కొలవకుండా ఎట్టా తెలిసేదిమా?" అని అమ్మను అడిగాను.

"కొలిచేదేంది? వేళ్ళ మధ్య పెడితే తెలస్తాది. మందంగా ఉంటే వొంచేటప్పుడు సప్పుడు వేరేగా వస్తాది. సన్నందానికి సప్పుడుండదు. ఊదితే ఎగరాల, అంతే" అంది. ఇదంతా ఒక విద్య అని గాని, తనకు అది వచ్చునని గాని ఆమె గొంతులో లేదు.

ఆమెకు ఎందుకు లేదో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. అమ్మ పనిచేసిన చోట కత్తెర పట్టే మగవాళ్ళకు, సైజులు వేరుచేసే మగవాళ్ళకు నెల జీతం. వాళ్ళు పనివాళ్ళు. రేకులు తీసే ఆడవాళ్ళకు తూకం లెక్కన కూలి. వాళ్ళు 'చిల్లర కూలీలు'. సాయంత్రం మేస్త్రీ వచ్చి ఒక్కొక్క దొంతరలోంచి నాలుగు రేకులు తీసి చూసేవాడు. మందమనిపిస్తే దొంతర మొత్తం పక్కన పారేసేవాడు. ఆ పూట ఆ పనికి కూలి లేదు. పారేసిన రేకులు మాత్రం ఫ్యాక్టరీవే. రేకు ఎంత సన్నగా తీస్తే అంత మంచి సరుకు. కాని ఎంత సన్నగా తీస్తే కిలో తూగడానికి అంత ఎక్కువ సేపు పడుతుంది. నేర్పు పెరిగేకొద్దీ కూలి తగ్గే లెక్క అది. దాన్ని నేర్పు అని ఒప్పుకుంటే ఈ లెక్క నిలబడదు. అందుకని 'ఆడవాళ్ళ వేళ్ళు సన్నగా ఉంటాయి, వాళ్ళకు ఓపిక ఎక్కువ' అన్నారు. దేవుడిచ్చిన వేళ్ళకు వేరే జీతమెందుకు?

డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ అనే ఇద్దరు స్త్రీవాద పరిశోధకులు 1981లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ 'సన్నని వేళ్ళ' వాదాన్ని విప్పి చూపించారు. వాళ్ళు రాసింది ఎగుమతుల కోసం బట్టలు, ఎలక్ట్రానిక్ వస్తువులు తయారుచేసే ఫ్యాక్టరీల్లోని అమ్మాయిల గురించి. ఆ వేళ్ళ నేర్పు పుట్టుకతో వచ్చింది కాదని, ఇంట్లో చిన్నప్పటి నుంచి కుట్టూ, వంటా నేర్పే క్రమంలో వచ్చిన శిక్షణేనని, ఇంట్లో ఇచ్చిన శిక్షణ గనక ఎవరి లెక్కలోనూ చేరదని వాళ్ళ వాదన. గూడూరు షెడ్లలో జరిగింది కూడా అదే. అమ్మకు రేకు తియ్యడం నేర్పింది అమ్మమ్మ. వంటింటి గడప దగ్గర, కిరసనాయిలు దీపం కింద, ఫ్యాక్టరీ నుంచి కొంగున కట్టి తెచ్చిన తుక్కుతో. ఆ శిక్షణకు ఫ్యాక్టరీకి అయిన ఖర్చు సున్నా.

ప్రభుత్వం అసలు పట్టించుకోలేదని అనలేం. 1944లో నియమించిన రేగే కమిటీ దేశంలోని కార్మికుల స్థితిగతులను విచారించి, అభ్రక పరిశ్రమ మీద ప్రత్యేకంగా ఒక నివేదిక ఇచ్చింది. 1946లో అభ్రక గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఎగుమతి అయ్యే అభ్రకం మీద సుంకం వేసి ఆ డబ్బుతో కార్మికులకు వైద్యం, చదువు, మంచినీళ్ళు అందించాలని దాని ఉద్దేశం. కలిచేడులో ఆ నిధితో ఆసుపత్రి నడిచింది. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో బియ్యం మిల్లులు, బీడీలు, రాళ్ళు కొట్టడం, తోళ్ళ పనులతో పాటు అభ్రకం పని కూడా ఉంది. కూలీలు సంఘంగా ఏర్పడి బేరమాడలేని పనులనే ఆ జాబితాలో చేర్చారు.

అయితే ఈ చట్టాలకూ షెడ్డులో కూర్చున్న మనిషికీ మధ్య చాలా దూరముంది. సంక్షేమ నిధి పేరులోనే 'గనులు' ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చూడండి. కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ. కరెంటు లేని చోట ఇరవై మంది ఉండాలి. రేకులు తియ్యడానికి కరెంటెందుకు? కత్తి చాలు. కాబట్టి పందొమ్మిది మంది ఆడవాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని పనిచేసే షెడ్డు చట్టం దృష్టిలో ఫ్యాక్టరీయే కాదు. అమ్మకు చట్టం తెలియదు గాని ఇరవై అంకె తెలుసు. "ఇన్‌స్పెక్టరు వస్తన్నాడంటే మాలో కొంతమందిని ఎనకదోవన పంపిచ్చేవోళ్ళు. ఇంటికి పోయి అన్నం వొండుకుని మళ్ళా వొచ్చేవోళ్ళం" అంది. ఆ రోజు కాస్త తీరిక దొరికిందని సంతోషపడేవాళ్ళట.

ఆ రోజుల్లో బతుకు ఎలా ఉండేదో కూడా చెప్పాలి, అంతా కష్టమే అని చెబితే అమ్మ ఒప్పుకోదు. తెల్లవారుజామున నీళ్ళు, కసువు, వంట. తర్వాత సద్దిగిన్నె కొంగు చాటున పెట్టుకుని నడక. చంటిబిడ్డలుంటే షెడ్డు వాసానికి చీర ఉయ్యాల. మధ్యాహ్నం అన్నం కలుపుకుంటే మెతుకుల మీద తళుకు. "ఎంత కడిగినా చేతులు మెరిసేవి మే. పెళ్ళికి పొయ్యినా మైకా ఆడోళ్ళని ఇట్టే తెలిసిపొయ్యేది" అంది. శనివారం కూలి. ఆ డబ్బు మగవాడి చేతికి పోకుండా నేరుగా బియ్యం అంగడికి పోయేలా చూసుకోవడం ఒక విద్య. అమ్మమ్మ కూలి తీసుకుని అటునుంచి అటే అంగడికి వెళ్ళేది. ఇంటికి బియ్యం మూటతో వచ్చేది, డబ్బుతో కాదు. వేర్వేరు పేటల నుంచి, వేర్వేరు కులాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఒక షెడ్డులో కూర్చునేవాళ్ళు. కూర్చునే వరసలు మాత్రం ఎవరివి వాళ్ళకుండేవి. నీళ్ళకుండ దగ్గర ఎవరి గ్లాసు వాళ్ళదే. అయినా ఎవరికైనా నొప్పులు వస్తే అందరూ లేచేవాళ్ళని అమ్మ చెబుతుంది.

మరి ఆ పని ఎందుకు పోయింది? ఊళ్ళో చాలామంది యజమానుల మధ్య తగాదాలు, ప్రభుత్వ విధానాలు అంటారు. 1970ల మొదట్లో అభ్రకం ఎగుమతులను ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. మొదట ఎంఎంటీసీ, తర్వాత దాని కింద ఏర్పడిన మైకా ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మకాలు జరిగాయి. దాని మంచిచెడ్డల మీద వాదాలున్నాయి. కాని అసలు దెబ్బ అంతకు చాలా ముందే, చాలా దూరంలో మొదలయింది. 1947లో అమెరికాలో ట్రాన్సిస్టరును కనిపెట్టారు. అభ్రకం వాడే పాత రేడియో వాల్వుల కాలం తర్వాతి ఇరవై ఏళ్ళలో చెల్లిపోయింది. అదే కాలంలో ఫ్రాన్సులో, ఆ తర్వాత అమెరికాలో అభ్రకపు తుక్కును నలిపి నీళ్ళలో కలిపి కాగితంలా పరిచే పద్ధతి వచ్చింది. పెద్ద రేకులు, సన్నగా చీల్చిన రేకులు అక్కర్లేకుండా తుక్కుతోనే పని జరిగిపోతుంది. అమ్మమ్మ కొంగున కట్టి తెచ్చుకున్న తుక్కు పనికొచ్చే సరుకయింది. ఆమె వేళ్ళ పనే తుక్కయింది. ఆ తర్వాత కూడా మన రేకులు కొంటూ వచ్చిన పెద్ద దేశం సోవియట్ యూనియన్. 1991లో అది విచ్ఛిన్నమయింది. దానితో మిగిలిన గిరాకీ కూడా పోయింది.

ఒక బట్టల మిల్లో, జూట్ మిల్లో మూతపడితే ఒక తేదీ ఉంటుంది. గేటుకు నోటీసు అంటిస్తారు. కార్మికులు ధర్నా చేస్తారు, బకాయిల కోసం కోర్టుకు వెళ్తారు. ఓడిపోయినా, పోరాడామన్న గుర్తు ఉంటుంది. గూడూరు ఆడవాళ్ళకు అలాంటి రోజు రాలేదు. "ఈ వారం సరుకు లేదు, వచ్చే వారం రాండి" అన్నారు. తర్వాత "పండగ పోయినాక చూద్దాం" అన్నారు. అమ్మ కత్తి నూరుకుని ఎదురుచూసింది. ఎప్పటిదాకా ఎదురుచూసిందో ఆమెకే గుర్తులేదు. తీసెయ్యలేదు గనక తీసేసినందుకు పరిహారం లేదు. రిజిస్టరులో పేరు లేదు గనక పీఎఫ్ లేదు.

ఆ తర్వాత ఏం చేశారు? దొరికిందల్లా చేశారు. నిమ్మకాయల మండీల్లో కాయలు ఏరి సైజులు వేరుచేశారు. ఇళ్ళలో పాచిపని చేశారు. 1990లలో కోస్తా పొడవునా రొయ్యల చెరువులు వచ్చాక కొందరు రొయ్యలు ఒలిచే షెడ్లకు వెళ్ళారు. మళ్ళీ తూకం కూలి, మళ్ళీ సన్నని వేళ్ళు. ఈసారి మంచునీళ్ళలో. కొందరు పాత గనుల దిబ్బల మీద తుక్కు, తెల్లరాయి ఏరుకున్నారు. మా వీధిలో మగవాళ్ళు మద్రాసు పనులకు వెళ్ళి వారానికోసారి వచ్చారు, లేదా రాలేదు. 2006లో తడ దగ్గర పెద్ద బూట్ల ఫ్యాక్టరీ, ఆ తర్వాత శ్రీసిటీ వచ్చాయి. ఇప్పుడు ఈ ప్రాంతపు అమ్మాయిలు తెల్లవారుజామున కంపెనీ బస్సులెక్కుతున్నారు. వాళ్ళకు పీఎఫ్ నంబరుంది, గుర్తింపు కార్డుంది. అది చిన్న మార్పు కాదు. వాళ్ళ అమ్మమ్మలకు లేనిది అదే.

నెల్లూరు స్త్రీలంటే తెలుగు పాఠకులకు వెంటనే గుర్తొచ్చేది దూబగుంట. 1990ల తొలినాళ్ళలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చేదాకా సాగింది. ఇంకా వెనక్కి వెళ్తే 1923లో కస్తూరిదేవి విద్యాలయం స్థాపించిన పొణకా కనకమ్మ గారు. వీళ్ళ చరిత్ర మనం రాసుకున్నాం, రాసుకోవలసిందే. 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం 1986లో వచ్చినప్పుడు, మామూలు ఆడవాళ్ళ నోటిమాట కూడా చరిత్రకు ఆధారమేనని తెలుగులో గట్టిగా తెలిసింది. కాని అక్కడ మాట్లాడిన స్త్రీలు ఒక పోరాటంలో ఉన్నవాళ్ళు. ఏ పోరాటమూ చెయ్యకుండా, యాభై ఏళ్ళు తలవంచుకుని పనిచేసి, పని పోతే నోరెత్తకుండా ఇంటికొచ్చిన ఆడవాళ్ళ చరిత్ర ఎలా రాయాలి? ఉద్యమం లేకపోతే చరిత్ర లేదనుకునే అలవాటు మనలో కూడా ఉంది. నాలోనూ ఉంది. లేకపోతే ఆసుపత్రిలో నోరు తెరిచేదాన్ని.

ఇది మర్యాదకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. 1950ల మొదట్లో బీహారు అభ్రక గనుల్లో 329 మంది కార్మికులను పరీక్షిస్తే మూడో వంతు మందికి పైగా ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. వైద్య విద్యార్థులు నేటికీ చదివే అంకె అది. గనుల్లోని మగవాళ్ళను పరీక్షించి వేసిన లెక్క. షెడ్డులో దుమ్ము మధ్య కూర్చున్న ఆడవాళ్ళ దగ్గు ఆ లెక్కలోకి రాదు. దుమ్ము వల్ల వచ్చే జబ్బును పోల్చుకోవాలంటే డాక్టరుకు మొదట తెలియాల్సింది రోగి ఏం పని చేసిందన్నదే. చీటీలో 'గృహిణి' అని ఉంటే ఆ ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. తర్వాతిసారి వెళ్ళినప్పుడు నేను ఆ మాట కొట్టేయించి 'ఇరవై ఏళ్ళకు పైగా మైకా పని' అని రాయించాను. డాక్టరు తలెత్తి అమ్మ వైపు చూశారు. అంతకుముందు అడగని ప్రశ్నలు నాలుగు అడిగారు.

ఇక ఆ రాయి కథ ముగిసిందా అంటే ముగియలేదు. అభ్రకపు పొడిని ఇప్పుడు కారు రంగుల్లో, లిప్‌స్టిక్కుల్లో, కనురెప్పలకు పూసే మెరుపుల్లో కలుపుతున్నారు. 2016లో జార్ఖండ్ వైపు అనుమతి లేని గనుల్లో పిల్లలు చనిపోతున్న వార్తలు బయటికొచ్చాక ప్రపంచం కాస్త ఉలిక్కిపడింది. మన దగ్గర అభ్రకాన్ని 2015లో ప్రభుత్వం చిన్నతరహా ఖనిజాల జాబితాలో వేసింది. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ ప్రధాన ఖనిజంగా మార్చింది. ఈ రాళ్ళ మధ్యే లిథియం లాంటి విలువైన ఖనిజాలు ఉండొచ్చునన్నది అందుకు కారణం. ఆ వార్త చదివి వినిపిస్తే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "అయితే ఆడోళ్ళకి పనుండాదా?"

నేను జవాబు చెప్పలేదు. దాని బదులు ఒక నోటుపుస్తకం తీసుకుని కూర్చున్నాను. ఏ షెడ్డులో ఎంతమంది, కిలోకు ఎంత కూలి, ఎవరు తూచేవాళ్ళు, మేస్త్రీ ఏ మాటలనేవాడు, కత్తి ఎక్కడ చేయించేవాళ్ళు, ఏ ఏడు ఎవరికి కాన్పయింది. ఏళ్ళు ఆమెకు గుర్తుండవు. తుపాన్లు, పెళ్ళిళ్ళు, పిల్లల పుట్టుకలు గుర్తుంటాయి. వాటిని పట్టుకుని లెక్క కట్టుకుంటూ వెళ్తున్నాం. మా వీధిలో ఆ పని చేసినవాళ్ళు ఇంకా నలుగురున్నారు. అందరూ డెబ్భై దాటినవాళ్ళే. గూడూరు, సైదాపురం, రాపూరు వైపు ఇంట్లో పెద్దవాళ్ళున్న చదువుకున్న అమ్మాయిలు ఎవరైనా ఇది చదువుతుంటే, మీరూ ఒక నోటుపుస్తకం తీసుకోండి. 'కష్టాలు పడ్డావా' అని అడగవద్దు, ఏమీ చెప్పరు. 'ఆరో నంబరంటే ఎంత?' అని అడగండి.

నిన్న నేను ఆరో నంబరు సైజు తప్పుగా రాసుకుంటే అమ్మ చూసింది. చదువు రాని మనిషి, అయినా నేను గీసిన చదరం చూసి "అంత పెద్దది కాదు మే" అంది. కత్తి తెచ్చి, దాని మొనతో కాగితం మీద సరిగ్గా గీత గీసి చూపించింది.